మొదటి మాట మింగే పెట్టె

కొలతలమ్మ అని ఆఫీసులో ఆవిడకి ఎవరు పేరు పెట్టారో గానీ, తప్పు పెట్టలేదు. లిఫ్టు మూడో అంతస్తుకి ఎన్ని సెకన్లలో చేరుతుందో, లోపల ఇద్దరుంటే ఎంత, ఆరుగురుంటే ఎంత, ఆవిడకి తెలుసు. ఇంట్లో భర్త "రెండు నిమిషాల్లో వచ్చేస్తా" అని స్నానానికి వెళ్లిన ప్రతిసారీ గడియారం చూసుకుని, సగటున పద్దెనిమిది నిమిషాలని తేల్చి, ఆ సంగతి ఆయనకి పెళ్లిరోజునాడు చెప్పింది.

ఉద్యోగమూ కొలవడమే. ఆ చిన్న కంపెనీ చెవుల డాక్టర్ల కోసం ఒక పెట్టె తయారు చేస్తుంది. మైకులోంచి వచ్చిన శబ్దంలో ఫ్యాను హోరూ, గోడల ప్రతిధ్వనీ ఏరేసి, మనిషి మాటని మాత్రమే హెడ్‌ఫోనులోకి పంపుతుంది. వినికిడి తగ్గినవాళ్లు అది పెట్టుకుని డాక్టరుతో మాట్లాడతారు. ఏరే పనంతా లోపలున్న ప్రాసెసరుది. శబ్దం ఒకపక్క వస్తూనే ఉంటుంది, ఇంకోపక్క శుభ్రమై వెళ్లిపోతూనే ఉండాలి. ఎక్కడ ఆలస్యమైనా మాట తెగుతుంది. ప్రాసెసరు తన బలంలో ఎంత వాడుతోందో స్క్రీను మీద ఒక పచ్చగీత చూపిస్తుంది. ఆవిడ దాన్ని ఆయాసం అనేది. వందకి పాతిక ఆయాసమంటే హాయిగా నడుస్తున్నట్టు, వంద దాటితే ఇక చేతులెత్తేసినట్టు. ఏడు నెలలు కూర్చుని, ప్రోగ్రాములో లైను లైనూ సానబట్టి, అరవై దగ్గరున్న ఆయాసాన్ని ఆవిడే పాతికకి దించింది.

ఇలాంటివి కొలవాలంటే ప్రతిసారీ పెట్టెకి ఒకే శబ్దం వినిపించాలి, లేకపోతే నిన్నటి కొలతకీ ఇవాళ్టి కొలతకీ పోలిక కుదరదు. ఆఫీసులో శబ్దాలు మరీ చప్పగా ఉన్నాయని ఒక ఆదివారం పొద్దున్న ఇంట్లో భోజనాల బల్ల మీద మైకు పెట్టి పన్నెండు నిమిషాలు రికార్డు చేసుకొచ్చింది. అందులో కుక్కరు ఏడు కూతలు, మిక్సీ రెండుసార్లు, కళ్లజోడు కనపడక అత్తగారు ఇంటిల్లిపాదినీ నిలదీయడం, లెక్కల హోంవర్కు మీద కూతురి తిరుగుబాటు, భర్త ఫోనులో "వినపడుతోందా? ఇప్పుడు?" అని పదకొండుసార్లు అడగడం ఉన్నాయి. ఫైలుకి 'మా ఇల్లు' అని పేరు పెట్టింది.

"ఇది తట్టుకున్న ప్రాసెసరు ఇక దేన్నైనా తట్టుకుంటుంది" అన్నాడు మేనేజరు విని. ఆయనకి అంకెలంటే భక్తి. అప్పట్నుంచీ ప్రతి పెట్టెకీ 'మా ఇల్లు' పదిసార్లు వినిపించి, ఆయాసం పాతిక దాటకపోతేనే బయటికి పంపేవారు.

సోమవారం పొద్దున్న ఒక పెట్టె వెనక్కి వచ్చింది. దాని వెనకే చెవుల డాక్టరు ఫోను వచ్చింది. మేనేజరు స్పీకరులో పెట్టాడు.

"మీ పెట్టెకి ఏదో మాయరోగముందండీ" అందావిడ. "అందరం మాట్లాడుతున్నంతసేపూ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. గదిలో కాస్సేపు ఎవరూ మాట్లాడకపోతే చాలు, టక్కుటక్కుమని కొట్టుకోవడం మొదలెడుతుంది. ఆ తర్వాత ఎవరు నోరు తెరిచినా మొదటి మాట మింగేస్తుంది. నా పేషెంట్లు అసలే ఆలోచించుకుని మాట్లాడే పెద్దవాళ్లు. చెవుడు వాళ్లకా, మీ పెట్టెకా? ఇంకో పన్నెండు పెట్టెలున్నాయి నా దగ్గర. గురువారానికల్లా సంగతి తేల్చకపోతే అన్నీ వెనక్కి పంపేస్తాను."

ఫోను పెట్టేశాక మేనేజరు నవ్వాడు. "ఎవరూ మాట్లాడకపోతే పెట్టెకి పనే ఉండదు కదా! ఊరికే కూర్చుంటే ఎవరికైనా ఆయాసం వస్తుందా?"

అందరూ నవ్వారు. కొలతలమ్మ కూడా నవ్వింది. తర్వాత ఎప్పుడు గుర్తొచ్చినా ఆ నవ్వే ఆవిడని ఎక్కువ బాధపెట్టింది.

ఆవిడ వెనక్కి వచ్చిన పెట్టెకి 'మా ఇల్లు' వినిపించింది. పదిసార్లకి పదిసార్లూ పాతిక. సాఫ్ట్‌వేరు మంచిదేనని తేలిపోయింది. ఇక మిగిలింది బిగింపు.

పెట్టెలు బిగించేది బాబాయి. ఎవరికీ బాబాయి కాదు, అందరికీ బాబాయే. గది చివర కిటికీ పక్కన ఆయన బల్ల. ప్రాసెసరు మీద వేడి లాగే పేస్టు బియ్యపుగింజంత పెట్టి, పైన లోహపు పలక ఆనించి, నాలుగు స్క్రూలనీ మూలకి మూల చొప్పున బిగించేవాడు. ఒకేసారి ఒకటి పూర్తిగా బిగిస్తే పలక ఒక పక్కకి ఒరుగుతుందని నాలుగింటినీ తలా కాస్తా తిప్పుతూ వచ్చేవాడు. చెయ్యి ఎంత పనిలో ఉన్నా నోరు మాత్రం ఖాళీగా ఉండేది కాదు. మనుషులుంటే మనుషులతో, లేకపోతే స్క్రూలతో మాట్లాడేవాడు. "రావమ్మా రా, అలగకు, నీ పక్కదాన్ని చూడు, ఎంత బుద్ధిగా కూర్చుందో." పొద్దున్న తొమ్మిదింటికి మొదలైన ఆ ప్రసంగం సాయంత్రం ఆరింటికి గానీ ఆగేది కాదు. కొత్తలో కొలతలమ్మకి తలనొప్పి వచ్చేది. ఒకరోజు ఆయన రాకపోతే పని సాగలేదు, అప్పుడు తెలిసింది అలవాటైపోయిందని.

"పేస్టు సరిగ్గా పడలేదు. వేడెక్కి ప్రాసెసరు నెమ్మదిస్తోంది, అంతే" అని తేల్చేశాడు మేనేజరు.

"చెయ్యిపెట్టి చూడమ్మాయ్" అన్నాడు బాబాయి కొలతలమ్మతో, పెట్టె ముందుకు తోసి. "కుండలో నీళ్లలా చల్లగా ఉంది. వేడెక్కినదానికి ఇంత చల్లదనం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఆవిడ చెయ్యి పెట్టింది. చల్లగానే ఉంది. కానీ ఇక్కడ చల్లగా ఉన్నది అక్కడ వేడెక్కుతుందేమో. పైగా పది పరీక్షల్లో పది పాతికలు కళ్ల ముందున్నాయి. మేనేజరు ఫారం తీశాడు. లోపం ఎక్కడ అనేదానికి రెండే గళ్లు: సాఫ్ట్‌వేరు, బిగింపు. పెన్ను మూత తీసి మరీ ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ బిగింపు గడిలో టిక్కు పెట్టి సంతకం చేసింది.

సాయంత్రానికి నిర్ణయం వచ్చింది. వచ్చే వారం నుంచి బిగింపు పని బయటి వర్కుషాపుకి, బాబాయి కింద అంతస్తులో అట్టపెట్టెలకి లేబుళ్లు అంటించే పనికి. రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుంది, ఆ రెండేళ్లూ అక్కడే. బాబాయి కళ్లజోడు పెట్టుకుని, దానికి జతచేసిన ఫారం మొదటినుంచి చివరిదాకా చదివాడు. చివర ఆవిడ సంతకం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు.

"సరే మేడమ్" అన్నాడు.

తొమ్మిదేళ్లలో ఆయన ఆవిడని మేడమ్ అనడం అదే మొదలు.

మంగళవారం బాబాయి నోరు విప్పలేదు. వేళకి వచ్చాడు, బల్ల తుడుచుకున్నాడు, వారాంతంలోగా పూర్తి చేయాల్సిన ఐదు పెట్టెల్లో మొదటిది ముందు పెట్టుకున్నాడు. పేస్టు పెట్టాడు, పలక ఆనించాడు, స్క్రూలు మూలకి మూల తిప్పాడు. స్క్రూలతో కూడా ఒక్క మాట లేదు. పదకొండింటికి ఎవరో భయపడి "బాబాయ్, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగారు. ఆయన తలూపాడు. బాగుందన్నట్టో బాగాలేదన్నట్టో ఎవరికీ అర్థం కాలేదు.

మధ్యాహ్నం టీ కప్పు పట్టుకుని కొలతలమ్మ ఆయన బల్ల దగ్గరికి వెళ్లింది.

"బాబాయ్, కోపమొచ్చిందా నా మీద?"

"లేదు మేడమ్."

"మరి మాట్లాడవేం?"

ఆయన స్క్రూ తిప్పుకుంటూ ఉండిపోయాడు. టీ కప్పు బల్ల మీద పెట్టి వచ్చేసింది. సాయంత్రం చూస్తే అది పెట్టినచోటే ఉంది, పైన మీగడ కట్టి.

బుధవారం పొద్దున్న ఏసీ మెకానిక్కు వచ్చి, శుభ్రం చేయాలని గంటసేపు మిషను ఆపేశాడు. మేనేజరు బయటికి వెళ్లాడు. మిగతావాళ్లు టీకి దిగారు. బాబాయి మూడో పెట్టె బిగించి, మైకు తగిలించి, పరీక్షకని బల్ల మీద పెట్టాడు. పరీక్ష చేయాల్సింది కొలతలమ్మ. 'మా ఇల్లు' పెట్టబోయే ముందు అలవాటుగా హెడ్‌ఫోను తగిలించుకుని, మైకు పలుకుతోందో లేదో చూద్దామని కూర్చుంది.

ఏమీ వినపడలేదు. మాట్లాడేవాళ్లెవరు? ఒకప్పుడైతే ఈపాటికి బాబాయి స్క్రూకి సంసారం గురించి సలహాలిస్తూ ఉండేవాడు. ఆయన నాలుగో పెట్టె పలక తుడుస్తున్నాడు, తల ఎత్తకుండా. ఆ మౌనంలో కూర్చోవడం ఆవిడకి శిక్షలా ఉంది. లేచి వెళ్లిపోదామా అనుకుంది.

అప్పుడు చెవిలో టక్కుమంది. మళ్లీ టక్కు. స్క్రీను మీద పచ్చగీత ఎర్రబడి పైకి లేచింది. యాభై, నూట ఇరవై, రెండు వందల ఎనభై.

"బాబాయ్!" అని కేక పెట్టింది.

గీత దబ్బున పాతికకి పడిపోయింది. ఆవిడ తిరిగి ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఎప్పటికో మళ్లీ టక్కుమంది, గీత లేచింది. "అదిగో!" అంది ఉండబట్టలేక. గీత పడిపోయింది. నోరు నొక్కుకుని మూడోసారి కూర్చుంది. ముప్పై సెకన్లు దాటాయో లేదో తలుపు తోసుకుని మేనేజరు వచ్చి, ఎందుకు ముక్కూ నోరూ మూసుకున్నారు, గ్యాసు వాసనేమైనా వస్తోందా అని అడిగాడు. ఏసీ మొదలైంది. మనుషులు తిరిగొచ్చారు. గీత పాతిక దగ్గర బుద్ధిమంతురాలిలా కూర్చుంది.

"డాక్టరుగారు చెప్పింది నిజం సర్. ఊరికే కూర్చుంటేనే దీనికి ఆయాసం" అంది కొలతలమ్మ.

"అంకెలున్నాయా?"

లేవు. రెండుసార్లు కంటితో చూసిందే గానీ రికార్డు చేయలేదు. బాబాయి కూడా చూశాడు, ఆ సంగతి ఆయన కళ్లజోడు పైకి తోసుకున్న తీరులోనే తెలుస్తోంది. అయినా పెదవి కదపలేదు.

పెట్టె ఇంటికి తీసుకెళ్లింది. ఇంట్లో అయితే తన మాట చెల్లుతుందనుకుంది పాపం.

"ఒక్క నిమిషం" అంది భోజనాల బల్ల చుట్టూ అందర్నీ కూర్చోబెట్టి. "ఒకే ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకండి, కదలకండి. అంతే."

"నన్ను నోరు మూసుకోమంటున్నావా?" అంది అత్తగారు.

"అందర్నీ అంటున్నానత్తయ్యా."

"అందర్నీ అంటే నన్నేగా. సరే, మాట్లాడన్లే. ఎవరికి కావాలి నా మాటలు? మొదలెట్టు."

ఎనిమిది సెకన్లకి భర్త "మొదలైందా?" అని గుసగుసలాడాడు. పదకొండు సెకన్లకి కూతురు కిసుక్కుమంది. "చూశావా, నేను కాదు, వీళ్లే" అంది అత్తగారు. తర్వాత కుర్చీ కిర్రుమంది. తర్వాత భర్తకి ఫోను వచ్చింది, "వినపడుతోందా?" అంటూ బాల్కనీలోకి పరిగెత్తాడు. ఆయన్ని బయటే ఉంచి తలుపేస్తే, లోపలికి రానివ్వమని తలుపు కొట్టాడు. పందొమ్మిది సెకన్లు, అదీ ఆ ఇంటి రికార్డు. కొలతలమ్మకి ఏడుపొచ్చింది. రేపు గురువారం. పదమూడు పెట్టెలు, ఒక మనిషి పరువు, ఇవన్నీ ఒక నిమిషం నిశ్శబ్దం దగ్గర ఆగిపోయి ఉన్నాయి, ఆ ఒక్క నిమిషం ఈ ఇంట్లో దొరకడం లేదు.

"తప్పు చేసింది నేను, లేబుళ్లు అంటించేది ఆయన" అంది, కళ్లు తుడుచుకుంటూ.

అత్తగారు పెట్టెకేసి చూసింది. "దీనికి ఏమీ వినపడకూడదు, అంతేనా నీకు కావలసింది?"

"అంతే."

"మరి మా నోళ్లు కట్టెయ్యడమెందుకే అమ్మాయ్? దాని మైకు తీగ పీకెయ్యి."

ఆ ఇంట్లో అప్పుడు పడింది అసలైన నిశ్శబ్దం. కొలతలమ్మ పదిహేనేళ్లుగా కంప్యూటర్ల మధ్య బతుకుతోంది. చెయ్యి చాపి తీగ పీకింది.

పాతిక. పాతిక. నలభయ్యో సెకనులో గీత లేచి రెండు వందల ఎనభై దగ్గర నిలబడిపోయింది. కుర్చీలు కిర్రుమన్నా, ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడినా ఇక దిగలేదు. పదిసార్లు చేసింది. పదిసార్లూ అంతే. తర్వాత 'మా ఇల్లు' ఫైలు తెరిచి, పన్నెండు నిమిషాల్లో అన్నిటికన్నా పొడుగైన నిశ్శబ్దం ఎంతుందో వెతికింది. ఒకటిన్నర సెకను. కళ్లజోడు గురించి మాట్లాడుతూ అత్తగారు ఊపిరి తీసుకున్నచోట.

కారణం కూడా అప్పుడే తెలిసింది. గుసగుస కన్నా తక్కువ శబ్దం వస్తే మైకు తలుపు వేసుకునే ఏర్పాటు పెట్టెలో ఉంది. తలుపు పడ్డాక కొత్తగా ఏమీ లోపలికి రాదు. కానీ అంతకుముందు మాటల ప్రతిధ్వని లోపల తిరుగుతూ సగమవుతుంది, సగంలో సగమవుతుంది. అత్తగారు అరిగిపోయిన సబ్బుముక్కని పారెయ్యకుండా కొత్త సబ్బుకి అంటించి ఇంకా వాడినట్టు, ప్రాసెసరు కూడా ఆ పిసరుని వదలదు. దశాంశం తర్వాత నలభై సున్నాలు దాటినా, ఉందా లేదా తెలియనంత చిన్నదైనా, దాన్ని పట్టుకుని మామూలు దారిలో చేయలేక చుట్టుదారిలో లెక్కలు కడుతూనే ఉంటుంది. ఆయాసమంతా దానికే. ఈ సంగతి మీద కాలేజీలో ఆవిడ ఒక పరీక్ష కూడా రాసింది. పదికి తొమ్మిది మార్కులొచ్చాయి.

దిద్దుబాటు ఒకటే లైను: ఇంతకన్నా చిన్నదైతే సున్నా అనుకో. గురువారం పొద్దున్న తొమ్మిదింపావుకల్లా అది రాసేసి, మైకు తీగ పీకి పదిసార్లు నడిపింది. పదిసార్లూ పాతికే. అంకెలు తీసుకుని మేనేజరు గదిలోకి వెళ్లింది.

ఆయన ఎంతో సంతోషించాడు. "ఒక్క లైనేగా! కొత్త వెర్షనని చెప్పి పంపించేద్దాం. అందరూ మెచ్చుకుంటారు."

"మరి సోమవారం ఫారం?"

"అది ఫైల్లోకి వెళ్లిపోయింది కదా, ఇప్పుడెందుకు కెలకడం? బిగింపు ఎలాగూ బయటికిద్దామనే అనుకుంటున్నాం."

"పేస్టు బాగానే ఉంది సర్. స్క్రూలు బాగానే ఉన్నాయి. చెయ్యి పెట్టి చూడమన్నాడు బాబాయి. నేను చూశాను కూడా. చూసి సంతకం పెట్టాను." ఆవిడకి సిగ్గుగా ఉంది, ఆ సిగ్గు మీద కోపంగానూ ఉంది. "తప్పు కొలతది. నా ఇంట్లో ఎవరూ నోరు మూయరు కాబట్టి లోకంలో కూడా ఎవరూ మూయరనుకుని కొలిచాను."

"ఫారంలో కొలత అనే గడి లేదు కదండీ."

"నేను గీశాను" అంది. స్కేలు పెట్టి మరీ గీసింది. సాఫ్ట్‌వేరు, బిగింపు గళ్ల పక్కన మూడోది, కొలత. అందులో టిక్కు, కింద సంతకం. "సంతకం మారితే కారణం రాసి క్లినిక్కుకి కాపీ పంపాలని రూలుంది కదా, పొద్దున్నే పంపేశాను."

"ఎవరు పెట్టారా రూలు?"

"మీరే సర్."

ఆయన ఫారం వెనక్కి తిప్పి రూలు చదువుకున్నాడు. కింద తన సంతకమే ఉంది. ఇంతలో ఫోను మోగింది. అలవాటు కొద్దీ స్పీకరులో పెట్టేశాడు, ఆ తర్వాత చాలాసేపు నాలిక కరుచుకున్నాడు.

"మీ కాగితం చదివానండీ" అంది చెవుల డాక్టరు. "ఇన్నేళ్లలో తప్పు మాదేనని ఒక కంపెనీ రాసివ్వడం ఇదే చూడటం. పెట్టెలు వెనక్కి పంపను, కొత్త ప్రోగ్రాము పంపండి. కానీ తీగ పీకి కాదు, మనుషులున్న గదిలో, నిజంగా ఎవరూ మాట్లాడకుండా పరీక్షించి పంపండి. ఇంకో మాట. బిగించినాయన తప్పేం లేదన్నారు కదా, ఇకమీదట కూడా ఆయన చేతే బిగించండి. ఇప్పటిదాకా ఒక్క స్క్రూ కూడా వదులవలేదు నా దగ్గర."

"సహజంగానే! నేనూ మొదట్నుంచీ అదే అంటున్నాను" అన్నాడు మేనేజరు.

కొలతలమ్మ కొత్త ఫారం తీసుకెళ్లి బాబాయి బల్ల మీద పెట్టింది.

"తప్పు నాది బాబాయ్. చల్లగా ఉందని చెయ్యి చెప్పింది, నేను కాగితాన్ని నమ్మాను. క్షమించు."

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు. ఆవిడ గీసిన గడి మీద ఒకసారి వేలు పోనిచ్చాడు, గీత తిన్నగా ఉందో లేదో చూస్తున్నట్టు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. కాగితం మడిచి సొరుగులో పెట్టుకుని, ఐదో పెట్టె ముందుకు లాక్కున్నాడు. ఒక్క మాట అనలేదు. తనకి అంతే రాసిపెట్టి ఉందనుకుంది ఆవిడ. సంతకం ఒక్క సెకను పని, దాన్ని చెరపడానికి మాత్రం లెక్క దొరకదు.

భోజనాలవేళ అందరూ దిగిపోయాక ఏసీ ఆపించింది. డాక్టరు అడిగిన పరీక్షకి బాబాయి బల్ల కన్నా నిశ్శబ్దమైన చోటు ఆఫీసులో లేదు. మైకు పెట్టి, రికార్డింగు నొక్కి, హెడ్‌ఫోను తగిలించుకుని, మోచేతులు బల్ల మీద ఆనించి కూర్చుంది. ఎదురుగా ఆయన చేతులు. పేస్టు బియ్యపుగింజంత. పలక. స్క్రూలు ఒక్కొక్కటీ గుంటల్లోకి దించి, వేలితో సగం సగం తిప్పి వదిలాడు.

నలభై సెకన్లు. గీత కదల్లేదు. నిమిషం. రెండు. హెడ్‌ఫోనులో తన రక్తం చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన చేతులు ఆగిపోయాయి. మూడు నిమిషాలు, ఆయాసం పాతికే. గెలిచినట్టే. ఇంతటితో ఆపెయ్యొచ్చు. కానీ లేస్తే ఈ బల్ల దగ్గర కూర్చోవడానికి మళ్లీ సాకు దొరకదు. ఆవిడ లేవలేదు. నాలుగు నిమిషాలు.

"అమ్మాయ్."

చెవిలో ఆ మాట ఒక్క అక్షరం కూడా పోకుండా, 'అ' దగ్గర్నుంచీ నిండుగా వినపడింది. ఆవిడ ఉలిక్కిపడి తలెత్తింది.

"ఆ చిన్న స్క్రూడ్రైవరు నీ మోచేతి కింద ఉంది. ఎప్పట్నుంచో చూస్తున్నా, తీస్తావేమోనని."

ఆవిడ మోచెయ్యి ఎత్తి స్క్రూడ్రైవరు అందించింది. కళ్లు తుడుచుకుంది. రికార్డింగు మాత్రం ఆపలేదు. ఆయన దాన్ని అందుకుని మొదటి స్క్రూ తలలో పెట్టి, మెల్లగా తిప్పాడు.

"రావమ్మా రా" అన్నాడు స్క్రూతో. "ఎన్నాళ్లని అలుగుతాం?"